బోర్డు మీద లేని పని

చూలై, మద్రాసు

పూజ్యురాలైన అక్కకు తమ్ముడు రాఘవులు నమస్కరించి వ్రాసేది. నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావగారి దగ్గు ఎలా ఉంది? ఇక్కడ వానలు పట్టుకున్నాయి, గది కారుతోంది. అయినా నా గురించి దిగులు పెట్టుకోవద్దు, బాగానే ఉన్నాను.

నన్ను మన ఊరినుంచి తెచ్చి పని నేర్పిన నాయుడుగారి వర్క్‌షాపు ఇప్పుడు ఆయన అల్లుడి చేతికి వచ్చింది. వచ్చీ రాగానే ఎవరి పని ఏమిటో బోర్డు మీద రాయించి గోడకు కొట్టించాడు. పొద్దున తాళం తీయడం మొదలు నాయుడుగారింటి బావి మోటారు బాగుచేయడం దాకా అన్నీ చూసుకునే నేను ఆ బోర్డు మీద ఒట్టి ఫిట్టరును. పోనీలే అనుకున్నాను.

ఆయుధపూజనాడు గుమ్మడికాయ కొట్టేది ఎప్పుడూ నేనే. యజమాని తన నమ్మకస్తుడి చేతనే కొట్టిస్తాడని చూలైలో అందరికీ తెలుసు. ఈసారి కాయ చేతిలోకి తీసుకున్నానో లేదో, అల్లుడు అందరి ముందూ, "అది ఫోర్‌మన్ కొట్టాల. నువ్వు ఫిట్టరువి, అట్టా పక్కకి నిలబడు" అన్నాడు. నాయుడుగారు అక్కడే కర్పూరం వెలిగిస్తూ నోరు మెదపలేదు. ఆయన ఊరుకున్నందుకే నాకు ఒళ్లు మండింది.

అప్పటినుంచి కాచుకుని కూర్చున్నాను. మొన్న వాళ్లింట్లో మనవడి బారసాల. ఇంటినిండా చుట్టాలు, తెల్లవారేసరికి మోటారు ఆగిపోయింది. మనిషిని పంపితే రానన్నాను. చివరికి నాయుడుగారే రిక్షాలో వర్క్‌షాపుకు వచ్చారు.

"ఏమబ్బయ్యా, పిలిస్తే రానన్నావంట?"

"మీ ఇంటి మోటారు ఆ బోర్డు మీద లేదయ్యా. అల్లుడుగారిని అడగండి."

అబద్ధమెందుకు అక్కా, ఆ మాట అన్నప్పుడు ప్రాణం లేచివచ్చింది. పనివాళ్లంతా వింటున్నారు. ఆయన, "సరే, బయటోడికి ఇచ్చేటట్టే ఇస్తా. కూలి ఎంతో చెప్పు" అన్నారు. ఇన్నేళ్లలో మా మధ్య రాని మాట అది. చెప్పాను. బయటివాడికన్నా రెట్టింపే చెప్పాను.

వెళ్లి బాగుచేశాను. నాయుడుగారి భార్య, అమ్మగారు, కూలి అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయారు. లోపల విస్తళ్లు వేస్తున్నారు. నాకేం బాధ లేదు. అల్లుడి సంగతి ఇంకా మిగిలే ఉంది, వాణ్ణి వదలను.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మీ ఇద్దరి ఆశీర్వాదం నా మీద ఉండాలి. ఇన్నాళ్లూ ఆదివారం భోజనం అమ్మగారింట్లోనే జరిగేది. ఇకమీద అదీ హోటల్లోనే కాబట్టి, ఇటు వచ్చే మనిషి ఎవరైనా ఉంటే కాస్త గోంగూర పచ్చడి ఇచ్చి పంపు.

ఇట్లు,
నీ తమ్ముడు
రాఘవులు