ఎడమకు ఒరిగిన నొక్కు

పొద్దుటి నుంచి ముసురు. బొగ్గు చెమ్మగిల్లి కొలిమి సరిగా రాజుకోలేదు. రెండు బాకులు సానపట్టి, మూడోది పక్కన పెట్టి ఈ వీలునామా రాస్తున్నాను. నా వయసు డెబ్బై ఒకటి. కళ్ళు మందగించాయి గానీ బుద్ధి మందగించలేదు. నన్ను బలవంతపెట్టగల ఒకే మనిషి నా భార్య. ఆమె ఈ సంగతిలో తలదూర్చనంది. తమ్ముణ్ణి పిలిపించాను. రాయడం అయ్యాక అతని ఎదుటే చదివిస్తాను.

1. ఇల్లు నా భార్యకు. కిటికీ పక్క కుర్చీ కూడా. నలభై ఏళ్ళు నేనే కూర్చున్నాను. ఇక ఆమె కూర్చోవాలి.

2. కొలిమి, ఇనుము కొట్టే దాగలి, సానరాయి తమ్ముడి కూతురికి. పదేళ్ళుగా నా పక్కన పనిచేస్తోంది. తండ్రి చేసినదానికి ఆమెను ఎవరూ ఒక్క మాట అనకూడదు. అన్నవాడికి ఈ వీధిలో ఎవరూ కత్తి సానపట్టకూడదు.

3. పిడి కింద నొక్కు ఉన్న బాకు మా తాత చేసింది. తర్వాత వీధిలోని పదకొండు కొలుములూ దాన్నే చేస్తూ వచ్చాయి. తమ్ముడు ఏనాడూ కొలిమి దగ్గర కూర్చోలేదు, సరుకు అమ్మిపెట్టేవాడు. మూడేళ్ళ కిందట ఆ డిజైన్ తన పేరున రిజిస్టరు చేయించి ఒక కంపెనీకి రాసిచ్చాడు. ఇప్పుడు మేమెవరమూ ఆ బాకు చేయకూడదని కంపెనీ దావా వేసింది. అడిగితే, "ఏముంది అన్నయ్యా, కాగితం ఎవడి దగ్గరుంటే వాడిదే" అన్నాడు. పట్టు జారకుండా నొక్కు తానే ఆలోచించి పెట్టానని కోర్టులో ప్రమాణపత్రం ఇచ్చాడు.

దాన్ని ఎవరూ ఆలోచించి పెట్టలేదు. తాత చేతిలో ఉక్కు అరగదీసే ఆకురాయి జారి నొక్కు పడింది. ఉక్కు పారేయడానికి మనసొప్పక అలాగే అమ్మాడు. కొన్నవాడు ఏడాది తిరక్కుండా వచ్చి, చేతికి బాగా కుదిరిందని, అలాంటివే ఇరవై కావాలన్నాడు. నమూనాకని తెచ్చిన ఆ బాకు మా ఇంట్లోనే ఉండిపోయింది. దాని మీద 1931 ముద్ర ఉంది. దాన్ని ఈ దావాలో మా తరఫు వకీలుకు అప్పగిస్తున్నాను.

తాతది ఎడమచేతి వాటం. అందుకే నొక్కు ఎడమకు ఒరిగింది. కంపెనీ గీయించిన బొమ్మలోనూ ఎడమకే ఒరిగి ఉంది. కుడిచేతివాళ్ళం ఆ ఒరుగు ఎలా తెస్తామో ఇక్కడ రాయను. తమ్ముడి కూతురికి తెలుసు. తమ్ముడికి తెలియదు.

4. తమ్ముడికి తాత ఆకురాయి, నొక్కు వేయని ఒక బాకు. నా చావు దాకా ఆగనక్కర్లేదు. రెండూ బల్ల మీద పెట్టాను. వాయిదా రోజున జడ్జిగారి ఎదుట ఆ నొక్కు ఒక్కసారి వేసి చూపమని మా వకీలు అడుగుతాడు. నేను ముందు వరసలో కూర్చుంటాను. నేను లేకపోతే అతని కూతురు కూర్చుంటుంది. ఆమె ఒప్పుకుంది.

5. తాను చెప్పింది అబద్ధమని కోర్టులో ఒప్పుకున్నా సరే, తమ్ముడు నా శవాన్ని ముట్టకూడదు. అది ఒప్పుకోవడం వీధి కోసం. ఇది నా కోసం.

వీటిని జరిపించే బాధ్యత మా వకీలుది.

తేదీ: జూలై 19, 2025, శనివారం.
సంతకం: కొలిమి పెద్ద
సాక్షులు: పిడులు చేసే వడ్రంగి, బొగ్గుల కొట్టాయన

సాక్షులు చేర్చినది: పెద్దాయన సంతకం చేశాక మా ఎదుట చదివించారు. ఆయన తమ్ముడు నాలుగో అంశం దాకా విన్నాడు. ఆకురాయి ముట్టుకోలేదు. పదకొండుంబావుకి లేచి వెళ్ళాడు.