కదిరప్ప కళ్ళంలో క్రికెట్

మదనపల్లె,
6 జనవరి 1947

పెద్దలు కదిరప్ప గారికి,

మదనపల్లె క్రికెట్ సంఘం కార్యదర్శి జయరత్నం నమస్కారాలు. ప్రభువు దయ వల్ల ఇక్కడ కులాసా. మొన్న పుంగనూరు సంతలో మీరు రోడ్డు పక్క చేను మా సంఘానికి వాడుకోమని మాట ఇచ్చారు. ఆ మేలు మరువను. చేను నడుమ ఇరవై రెండు గజాల పొడవున నేల చదును చేయించండి. గడ్డిపోచ, గులకరాయి ఉండరాదు. బండలా గట్టిపడాలి. 25వ తేదీ శనివారం మా వాళ్ళు పదకొండు మంది, కుప్పం వాళ్ళు పదకొండు మంది దిగుతారు. పొద్దుగూకేలోపు ముగిస్తాం.

మీ విధేయుడు,
జయరత్నం

తా.క. ఒకప్పుడు నేను మద్రాసులో ఫాస్ట్ బౌలర్‌ను. మోకాలు దెబ్బతిన్నాక పరుగు పోయి ఈ కాగితాల పని మిగిలింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

---

పుంగనూరు,
12 జనవరి

జయరత్నం అయ్యవారికి కదిరప్ప దండాలు.

నూర్పిడి కళ్ళం సిద్ధం. నేల తవ్వి, నీళ్ళు పెట్టి, గొర్రెలతో తొక్కించి, ఎడ్లకు రాతిగుండు కట్టి నాలుగు రోజులు తిప్పించాను. మా ఇంటిది రామక్క మూడుసార్లు పేడతో అలికింది. మాకు తెలిసిన కళ్ళాలన్నీ గుండ్రంగా ఉంటాయి. ఈ పొడుగు కళ్ళం చూసి ఊరంతా నవ్వింది. మదనపల్లెలో ఇట్లాగే నూరుస్తారేమోలే అని సర్దిచెప్పాను. రాగి కట్టలు ఎన్ని బండ్లలో వస్తాయి? నూర్పిడికి మనుషులు మీవాళ్ళే కాబట్టి ఎడ్లను నేను పెడతాను.

ఇట్లు,
కదిరప్ప

తా.క. మీది రైతుల సహకార సంఘమే కదా? క్రికెట్ అనే ఊరు ఏ దిక్కున ఉందో ఇక్కడ ఎవరికీ తెలియలేదు.

---

మదనపల్లె,
16 జనవరి

కదిరప్ప గారికి నమస్కారాలు.

అయ్యో, కట్టలూ వద్దు, ఎడ్లూ వద్దు! క్రికెట్ ఊరు కాదు, బంతాట. ఒకడు బంతి వేస్తాడు, ఇంకొకడు కట్టెతో కొడతాడు. జిల్లా సంఘం అధ్యక్షులు గంగాధరం గారు చూడడానికి వస్తున్నారు. ఆట సజావుగా సాగితే మా సంఘానికి గుర్తింపు. ఆగిపోతే మమ్మల్ని కుప్పం సంఘంలో కలిపేస్తారు. మూడేళ్ళ నా కష్టం మట్టిపాలే. మీరు చేయించిన నేల చాలా బాగుంటుందనిపిస్తోంది. దయచేసి అలాగే ఉంచండి.

జయరత్నం

తా.క. కుప్పం వాళ్ళు అడుగున మేకులున్న బూట్లు మద్రాసు నుంచి తెప్పించారట. మీ కళ్ళం తట్టుకుంటుందా?

---

పుంగనూరు,
20 జనవరి

అయ్యవారికి దండాలు.

బూట్లా! కళ్ళంలోకా! మేము చెప్పులు కూడా గట్టున వదిలి అడుగుపెడతాం. మీ ఉత్తరం చదివి వినిపించగానే రామక్క అన్నది ఇది: "గింజ రాలే నేల మింద మేకుల సెప్పులా? ఎవురొస్తారో రానీప్పా. ఆడ్నే కట్టె పట్టుకొని కూచుంటా." ఈ సంగతి అధ్యక్షుల వారికి కూడా చెప్పండి. నేను గుర్రంకొండలో బావమరిది కొడుకు పెళ్ళికి పోతున్నాను. పెళ్ళికి ఇంకా వారం ఉంది. అయినా రేపే బయలుదేరుతున్నాను.

కదిరప్ప

తా.క. మీ ఆటలోనూ కట్టె ఉందంటిరి. ఆమెది ఇంకా లావు.

---

మదనపల్లె,
31 జనవరి

గుర్రంకొండలో ఉన్న కదిరప్ప గారికి,

గెలిచాం! రామక్కమ్మ గారు కళ్ళం అంచున కట్టెతో కూర్చున్నారు. ఆమెను చూసి మొదట గంగాధరం గారే షూ విప్పి, మేజోళ్ళు జేబులో పెట్టుకున్నారు. ఆయనే విప్పాక కుప్పం వాళ్ళు ఏమనగలరు? మా వాళ్ళకు బూట్లన్నవి ఎప్పుడూ లేవు. కుప్పం బౌలర్ దొరస్వామికి కోసిన చేలో మోళ్ళు అరికాళ్ళకు గుచ్చుకుంటుంటే, పరుగు తక్కువ, గంతులు ఎక్కువ అయ్యాయి. మా బర్నబాస్ ఏడు వికెట్లు తీశాడు. చివరి వికెట్ పడగానే నేను మోకాలు మరచి పరుగెత్తాను. అందరి ముందూ ఏడ్చాను. సిగ్గనిపించలేదు.

గంగాధరం గారు కళ్ళాన్ని చేత్తో తడిమి, ఇంత మంచి పిచ్ మద్రాసులోనూ చూడలేదన్నారు. సోమవారమే గుర్తింపు కాగితం వచ్చింది. దానితో ఇంకో కాగితం కూడా ఉంది. జిల్లా మైదానాల కమిటీకి అధ్యక్షురాలు శ్రీమతి రామక్క అట! ఇకపై ఆమె సరేననందే జిల్లాలో ఎక్కడా బంతి పడదు. నేను ఆమె కింద పనిచేయాలి.

మీ విధేయుడు, మీ ఇంటావిడకు అంతకంటే విధేయుడు,
జయరత్నం

తా.క. వచ్చే నెల ఆటకు తేదీ ఇమ్మని వెళ్ళి ఆమెను అడిగాను. "ముందు మా రాగులు నూర్సుకోవాల. ఆ మనిషిని గుర్రంకొండ నుంచి రమ్మను. ఆపైన సూద్దాం" అన్నారు. ఆ మాట తెలియజేస్తే గంగాధరం గారు సరేనమ్మా అని జవాబు రాశారు. కాబట్టి కదిరప్ప గారూ, జిల్లా క్రికెట్ మొత్తం మీ కోసం ఆగి ఉంది. ఇక పెళ్ళి భోజనాలు చాలించి రండి.