వెండెల్‌కి తగలాల్సిన బంతి

అయోవా, జూన్ 4, 1989

ప్రియమైన యోకాస్టా అక్కకి,

నీ తమ్ముడి ఒళ్ళు క్షేమం. ఆత్మ సంగతే చెప్పలేను.

ఇక్కడ ఆదివారం బేస్‌బాల్ ఆటకి ముందు ప్రార్థన స్టేడియంలో బట్టలుతికే గదిలో జరుగుతుంది. రెండు జట్ల విశ్వాసులం పావుగంట సేపు తడి తువ్వాళ్ళ మధ్య చేతులు పట్టుకుని నిలబడతాం. ఇవాళ నా చెయ్యి పట్టుకున్నది అవతలి జట్టు బ్యాటర్ వెండెల్. భార్యకి ఎనిమిదో నెలట, ప్రార్థించమన్నాడు. కన్నీళ్ళు పెట్టుకున్నాను. సబ్బుపొడి ఘాటు కూడా కొంత సాయం చేసిందనుకో.

మధ్యాహ్నం వాళ్ళ పిచ్చర్ బంతి విసిరి మావాడి పక్కటెముక విరగ్గొట్టాడు. ఈ ఆటలో రాయని చట్టం ఒకటుంది: మనవాణ్ణి కొడితే, వాళ్ళలో మేటివాణ్ణి కొట్టాలి. కొట్టాల్సింది పిచ్చర్. మేటివాడు వెండెల్. పిచ్చర్ నేను.

మేనేజర్ పిలిచి, "ఇరవై అయిదున వాళ్ళ ఊళ్ళో ఆట. వెండెల్ రాగానే వేసెయ్. వెయ్యలేదో, నిన్ను మీ దేశానికి విమానం ఎక్కిస్తా," అన్నాడు.

తొడ మీద తగిలితే నల్లగా కమిలి ఊరుకుంటుంది. కానీ నా బంతి గంటకి తొంభై అయిదు మైళ్ళు. రెండేళ్ళు చదివిన తత్వశాస్త్రంలో జవాబు వెతికాను, లేదు. త్వరగా రాయి.

నీ పాపి తమ్ముడు,
అనీబల్


బానీ, జూన్ 13

ప్రియమైన తత్వవేత్తకి,

నీ ఉత్తరం దుకాణంలోనే చదివాను. ఒకావిడ సగం కత్తిరించిన జుట్టుతో కూర్చుని, "ఏమైందమ్మా, ఎవరు పోయారు?" అని అడిగింది. "ఇంకా ఎవరూ పోలేదు," అన్నాను.

ఒరే, పొద్దున పట్టుకున్న చేతిని మధ్యాహ్నం కొడతావా? తొడ అంటావు, బంతి నీ మాట వింటుందని రాసిచ్చిందా? వెయ్యకు. పంపేస్తే పంపెయ్యనీ. ఇక్కడ నీకు మంచం ఉంది. వాణ్ణి కొట్టి నువ్వు కలగనే పెద్ద జట్టులోకి వెళ్ళావంటే మాత్రం నీ ఫోటో నా గోడకెక్కదు.

కోపంతో, అంతకంటే ప్రేమతో,
అక్క


అయోవా, జూన్ 27

ప్రియమైన అక్కకి,

నీ మాటే విన్నాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక వెండెల్‌ని పక్కకి లాగి చెప్పేశాను: "నిన్ను కొట్టమన్నారు. నేను కొట్టను."

వాడు నవ్వలేదు. "కొట్టు బ్రదర్. తొడ ముందుకు పెడతా, కదలను. నువ్వు కాకపోతే ఇంకొకడు కొడతాడు. నీ చేతి బంతయితే నాకు భయం లేదు."

"నువ్వసలు విశ్వాసివేనా?"

"విశ్వాసినే. ఆరేళ్ళుగా బ్యాటర్ని కూడా."

మొదటి ఇన్నింగ్స్‌లో నిజంగానే తొడ ముందుకు పెట్టి నిలబడ్డాడు. నేను మూడు బంతులూ నడిమధ్యన వేశాను. బ్యాటు కదపలేదు. అలా మూడు వదిలేస్తే అవుటే; నన్నే చూస్తూ వెళ్ళాడు. బెంచీ మీద మావాళ్ళెవరూ నా పక్కన కూర్చోలేదు. ఒంటరిగా, పుణ్యంతో ఉబ్బిపోయి కూర్చున్నానక్కా.

నాలుగో ఇన్నింగ్స్‌లో మేనేజర్ నన్ను తప్పించి మా ఇంకో పిచ్చర్ లోయిడ్‌ని పంపాడు. లోయిడ్ బంతి ఎటు పోతుందో లోయిడ్‌కే తెలియదు. వాడూ తొడకే గురిపెట్టాడట. వెండెల్ దవడకి తగిలింది. ఆ చప్పుడు బెంచీ దాకా వినిపించింది.

నన్ను శుక్రవారం పంపేస్తున్నారు. అది పెద్ద విషయం కాదు.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. వాడి దవడ కదలకుండా పళ్ళు తీగలతో బిగించారు. పక్కన వాళ్ళావిడ నిండు పొట్టతో కూర్చుని ఉంది, నా వైపు చూడలేదు. వెండెల్ కాగితం అడిగి రాశాడు:

"ఆ పొద్దున నీ చేతికి గురి ఇవ్వమని ప్రార్థించాను. దేవుడు ఇచ్చాడు. మూడు బంతులూ చూశాను."

అనీబల్