చెరకు తోటల మధ్య మన ఎర్ర కారు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే బోధన్ నుంచి ఒకాయన మన కారు చూడటానికి వచ్చాడు. పసుపుకు మంచి ధర పలికిన ఏడు నువ్వు మురిపెంగా కొన్న ఆ జపాన్ చిన్న కారే. ఆ పేరుతో ఇప్పుడు కొత్త కార్లు రావడం లేదు. నడుస్తున్నప్పుడే అమ్మేద్దామని నేనే అతన్ని పిలిపించాను.

"గీ బండ్లు ఇగ వస్తలేవు కద అక్కా. సామాన్లు దొరుకుతయా?" అని అడిగాడు.

"ఇప్పటిదాక దొరుకుతున్నయి," అన్నాను.

అంతలో అవ్వ వచ్చి, ఎప్పుడూ నీ పక్కన కూర్చునే ముందు సీట్లో కూర్చుంది. "ఏమనుకోకు అన్నా, మేం అమ్ముతలేం," అని అతనితో చెప్పి, నా వైపు తిరిగింది. "రుద్రూర్ దిక్కు పోనియ్యి బిడ్డా."

మంచు ఇంకా విడలేదు. చెరకు తోటల మధ్య రోడ్డు కలలో దారిలా మెత్తగా సాగింది. ఎదురుగా ఒక్క బండీ రాలేదు. సగం దూరం వెళ్లాక అవ్వ ఆపమంది.

"జరుగు. నేను నడుపుత."

"నీకొస్తదా అవ్వా?"

"మీ బాపు నేర్పిండు. నువ్వు హాస్టల్ల ఉన్నప్పుడు, గీ తొవ్వలనే. మొగడు పెండ్లానికి బండి నేర్పుతుండంటే నలుగురు నవ్వుతరని ఎవ్వలకు చెప్పలే."

చెప్పులు విడిచి, కొంగు నడుముకు చెక్కి గేరు వేసింది. కారు కుదుపు లేకుండా కదిలింది. నువ్వు కూర్చుని నేర్పిన సీట్లో ఈసారి నేను కూర్చున్నాను. చెరకు పూలు మంచులోంచి తేలుతూ వచ్చి వెనక్కి పోతున్నాయి.

మలుపు దగ్గర అవ్వ మెల్లగా హారన్ కొట్టింది.

"మీ బాపు గీడ కొట్టుమంటుండె," అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.