కెప్టెన్ ఆఖరున

1948 జూన్ 21

కాలేజీ మూసేశారు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పరు. బాపు గూడు బండి కట్టించుకొని పట్నం వచ్చాడు, నన్నూ రజియానూ ఎక్కించుకొని ఇబ్రహీంపట్నం తెచ్చి దింపాడు. రజియా వాళ్లిల్లు మా గోడకు ఆనుకొనే. వాళ్ల నాన్న మున్షీ చాచా అరుగు మీదే నిలబడి ఉన్నాడు, పొద్దుటి నుంచీ అట్లాగే ఉన్నాడట.

ట్రంకులో పైన వాలీబాల్. గాలి తీసి మడతపెట్టాను. పంపు మాత్రం హాస్టల్లోనే మరచిపోయాను. దారంతా రజియా ఒకటే దెప్పుడు — "బాల్ తెచ్చినవ్, గాలి మరిచినవ్. జట్టు సెక్రటరీవి నువ్వు!"

జూన్ 24

మా ఆటల మిస్ ఇచ్చిన నోటుబుక్కు తెరిచాను. వచ్చేటప్పుడు చేతిలో పెట్టి అంది — "ఆడటానికి వీల్లేకపోతే రాయి సుగుణా. మన జట్టు ఎట్లా మొదలైంది, ఎవరు ఆడారు, ఎవరు ఎందుకు మానేశారు... నేను పోయాక ఎవరికీ గుర్తుండదు."

ఏమని రాయను? మొదటి వాక్యానికే నాలుగు కాగితాలు చించాను.

జూన్ 27

రాశాను, కొంచెం.

మొదట నలుగురే. హాస్టల్ వెనక గచ్చకాయ పొదలు కొట్టించి మిస్సే నేల చదును చేయించింది. పర్దా పిల్లలు ఆడాలంటే చుట్టూ కనాతు కట్టాలన్నారు, కట్టించింది. నాలుగు వైపులా గుడ్డ గోడ, పైన ఆకాశం. గాలి చొరదు. చెమటకు చీరలు ఒంటికి అతుక్కునేవి. బంతి కనాతు దాటిపోతే ముసలి తోటమాలి దగ్గి, తల తిప్పుకొని లోపలికి విసిరేవాడు. ఒకమ్మాయి పెళ్లయి మానేసింది. ఇంకొకామె మోకాలు కనబడిందని వాళ్లన్న మాన్పించాడు. అయినా మూడేళ్లకు ఆరుగురం అయ్యాం.

విజిల్ కట్టుబాటు కూడా రాయాలి. ఒక్క కూత, పొడుగ్గా — మగవాళ్లెవరూ లేరు, రండి, ఆడదాం. రెండు పొట్టి కూతలు — ఎవరో వస్తున్నారు, అందరూ వెనక గదిలోకి. కెప్టెన్ రజియా మాత్రం ఆఖరున. ఆరు తలలూ లెక్కపెట్టుకొని గాని లోపలికి రాకూడదు.

ఒకసారి రెండు కూతలు పడ్డాయి. నేను పొదల్లో బంతి కోసం వెతుకుతూ వినలేదు. లెక్కలో ఐదే తేలాయని రజియా వెనక్కి పరుగెత్తుకొచ్చింది. తన దుపట్టా నా మీద కప్పి, తను వట్టి తలతో నడిచింది. హాస్టల్ మరమ్మతుకొచ్చిన ఇంజనీరు సాబ్ చూశాడు కూడా. వారం రోజులు హాస్టల్లో అదే ముచ్చట.

జులై 4

నెట్ దొరికింది! చేపల మల్లమ్మ పాత వల. బంతికి సైకిల్ పంపుతో గాలి కొట్టించాం. పశువుల కొట్టం ముందు రెండు గుంజలకు కట్టాం. ఏం వాసన! రజియా ముక్కు మూసుకొని ఒంటిచేత్తో సర్వీసు కొట్టింది. మల్లమ్మ నవ్వి నవ్వి కూలబడింది — "గింత పెద్ద కాయను పట్కొని, మళ్ల అవుతలికి కొట్టుడేందమ్మా? దాసుకోవాలె గని." మరుసటి గడియకు తనూ కొంగు దోపి దిగింది. పిడికిలితో గుద్దుతుంది. బంతి బతికి ఉండటమే గొప్ప.

అమ్మ అరుస్తూనే ఉంది. అయినా మంచినీళ్ల చెంబు తెచ్చి గట్టు మీద పెట్టి పోయింది.

జులై 19

బజారులో రజాకార్ల లారీ. బాపు పేరు అడిగారట. నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు జొన్నలు ఇచ్చాడని ఎవరో చెప్పారు. ఇచ్చాడు కూడా. బాపు చెరువు కట్ట మీదుగా తప్పించుకుపోయాడు. మున్షీ చాచా గోడ దాటించి అమ్మనూ నన్నూ వాళ్లింట్లోకి తీసుకుపోయాడు. వాకిట్లో తనే నిలబడ్డాడు. లోపలి నుంచి విన్నాను — "ఇంట్ల నా ఆడోళ్లున్నరు. ఇంకెవ్వరు లేరు. అల్లా ఖసం."

చీకటి గదిలో రజియా వేళ్లు మడిచి లెక్కపెడుతోంది. అమ్మ, నేను, చాచీ, తను. నలుగురం. చాచా లోపలికొచ్చాక ఐదు అంది. అప్పుడే ఊపిరి వదిలింది.

ఆగస్టు 3

వాన. బంతి నానిపోయింది.

ఆగస్టు 22

బంతి ఎండింది గానీ గుండ్రం పోయింది. రజియా లిఫ్ట్ ఇస్తే మాత్రం వంకర బంతి కూడా బుద్ధిగా పైకి లేస్తుంది. ఆ చేతులేం చేతులో.

ఇవాళ కట్ట వైపు చూస్తూ అంది — "ఒక్కసారి కనాతు లేకుంట ఆడాలె సుగుణా. బయట, గాలిల. గాలికి బాల్ ఎటు పోతదో మనకింకా తెల్వనే తెల్వదు." ఈ గడబిడ సద్దుమణగగానే కట్ట మీద ఆడదామన్నాను. మున్షీ చాచా విన్నాడు. మీసంలో నవ్వుకున్నాడు.

సెప్టెంబరు 14

నిజాం మీదికి ఫౌజు బయల్దేరిందట. చాచా వాళ్ల రేడియో ముందు ఊరు ఊరంతా.

సెప్టెంబరు 17

నిజాం లొంగిపోయాడు. బాపు ఇంటికొచ్చాడు, గడ్డం పెరిగి ఎవరో అనుకున్నాం. "ఐపోయింది బిడ్డా. ఇగ ఫికర్ లేదు." అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గోడ అవతల చప్పుడు లేదు. పొయ్యి కూడా వెలిగించలేదు వాళ్లు.

సెప్టెంబరు 20

ఊళ్ల మీద పడుతున్నారట, కర్రలతో, గొడ్డళ్లతో. ఎక్కడివాళ్లో. తురకల ఇళ్లు అడుగుతున్నారట. తెల్లవారకముందే బాపు చాచా వాళ్ల ముగ్గురినీ తెచ్చి కొట్టం వెనక జొన్నచేలో దాచాడు. చేను మనిషిని మించి పెరిగింది. చాచా వద్దంటే బాపు అన్నాడు — "నా ఇంటోళ్ల కోసం వాకిట్ల నిలబడ్డోనివి. జర సప్పుడు జెయ్యకు."

రజియా మెడలోని విజిల్ తీసి నా మెడలో వేసింది. "పోయినంక ఒక్కటి ఊదు, పొడుగ్గ. మళ్ల వస్తుంటే రెండు. మరువకు."

మరువను.

సెప్టెంబరు 21

వాళ్లొచ్చారు. చాచా ఇంటి తలుపులు పగలగొట్టారు. రేడియో, గిన్నెలు, రజియా పుస్తకాలు... మా వాకిట్లో బాపు అడ్డం నిలబడ్డాడు. కొట్టం దాకా రాలేదు. మధ్యాహ్నానికి పోయారు. "పోయిన్రు. పిలువు పో," అన్నాడు బాపు.

పరుగెత్తాను. చేను గట్టు మీద నిలబడి ఊదాను. రొప్పుతో ఊపిరి చాలలేదు — కూత సగంలో తెగింది. మళ్లీ ఊదాను. అదీ తెగింది.

నేను పిలిచాననే అనుకున్నాను. నవ్వుతూ నిలబడి ఉన్నాను అక్కడ. జొన్నకంకులు ఊగాయి, అవతలి వైపుకు. దూరంగా, ఇంకా దూరంగా. అప్పుడు తెలిసింది... రెండు.

పేర్లు పెట్టి అరిచాను. ఎవరూ రాలేదు.

సెప్టెంబరు 22

లేరు.

సెప్టెంబరు 26

బాపు కోహెడ దాకా పోయి వచ్చాడు. మల్లమ్మ కట్ట పొడుగునా అడిగింది. ఎవరూ చూడలేదంటారు. చూసినవాళ్లు కూడా చూడలేదనే అంటారు ఇప్పుడు.

బాపుకు కూతల సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు. "నువ్వు పిలిచినవ్, వాళ్లే భయపడి ఉరికిన్రు, నువ్వేం జేస్తవ్?" అంటాడు. అన్నం కలిపి పెడతాడు.

అక్టోబరు 2

మల్లమ్మ వల విప్పి తీసుకుపోయింది. "ఉంటే సూసినప్పుడల్లా ఏడుస్తవ్." మంచిదే. గుంజలు రెండూ ఉన్నాయి.

అక్టోబరు 10

మిస్ ఉత్తరం. కాలేజీ తెరుస్తారట. జట్టు చరిత్ర ఎంతవరకు వచ్చిందని అడిగింది. చివర ఒక వాక్యం — "రజియా క్షేమమే కదా? కెప్టెన్ లేనిదే ఎట్లా?"

నోటుబుక్కులో ఎవరెవరు ఎందుకు మానేశారో అన్నీ రాశాను. పెళ్లి. మోకాలు. జ్వరం. రజియా పేరు దగ్గర కలం ఆగింది. నేను ఊదడం చేతకాక... అని రాయాలి. నిజం అదే. రాయలేకపోయాను. పిరికిదాన్ని నేను.

అక్టోబరు 17

మున్షీ చాచా వచ్చాడు!

ఒక్కడే. గడ్డమంతా నెరిసింది. చాచీ పట్నంలో చుట్టాలింట్లో ఉందట. రజియా ఎక్కడని అడగకముందే ఆయనే నన్ను అడిగాడు — "రజియా ఈడికి రాలేదా బిడ్డా?"

తల అడ్డంగా ఊపాను. ఆయనే చెప్పుకుంటూ పోయాడు. "రెండు కూతలు ఇన్నం. ఉరుకుమన్నది రజియా. మమ్ముల ముందట పెట్టి తను ఎన్కనే ఉరికొచ్చింది. వాగు కాడ ఆగి లెక్కపెట్టింది. సుగుణ లేదన్నది. వాళ్లొస్తున్నరు, సుగుణ గట్టు మీదనే ఉన్నది, తోలుకొస్త అన్నది. చెయ్యి ఇడిపించుకొని పోయింది. గంతే. మళ్ల రాలే."

నాకోసం. నాకోసం వెనక్కి వచ్చింది. నేనేమో గట్టు మీద అరిచి అరిచి, ఏడుస్తూ ఇంట్లోకి పోయాను. ఎంతసేపు నిలబడ్డాను? ఇంకాసేపు ఉండి ఉంటే?

చాచా నా ముఖంలోకి చూశాడు. "మళ్ల వచ్చిన్రు గదా వాళ్లు? నువ్వు చూసినవ్ గదా?"

అవ్ చాచా, అన్నాను.

అన్నాను. ఈ నోటితోనే. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "నువ్వు ఊదకుంటే ముగ్గురం పోతుంటిమి బిడ్డా. అల్లా నిన్ను సల్లగ చూడాలె." బాపు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ నీళ్లిచ్చింది. చాచా తాగి, ఖాళీ చెంబు చాలాసేపు పట్టుకొని కూర్చున్నాడు.

రేపు పొద్దున్నే కందుకూరు వైపు వెతకడానికి పోతాడట. బాపూ పోతాడు. నన్నూ రమ్మన్నాడు. "ఆ విజిల్ మెడల ఏసుకొని రా బిడ్డా. ఇంటే వస్తదేమో."

పొద్దుగూకే దాకా కొట్టంలో కూర్చొని ఊపిరి బిగపట్టి చూసుకున్నాను. ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టేంత నిలుస్తోంది.

ఒక్కటే ఊదాలి. పొడుగ్గా. తెగకుండా.