కొత్త సామల అన్నం

డుంబ్రిగుడ, బుధవారం రాత్రి

నేను చర్చిలో పెళ్లి చేసుకున్నప్పటి నుంచి అన్నయ్య నన్ను కొత్త పంట తొలిసారి వండుకునే కొత్తల పండుగకు పిలవడం లేదు. మా ఆయన పోయాక కూడా పిలవలేదు. ఈరోజు సంతలో వదిన కొత్త సామబియ్యం మూట నా చేతిలో పెట్టింది.

"అన్నయ్యకి తెలిస్తే ఏటంటాడో, వదినా?"

"మీ అన్నే పంపినాడు. నీకు సెప్పొద్దన్నాడు."

అన్నయ్య టీకొట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. పలకరిద్దామని వెళ్లేసరికి జీపెక్కేశాడు. ఒంట్లో ఎలా ఉందని వదిననైనా అడగాల్సింది...

ఇంటికొచ్చి వండాను. మా పుట్టింట్లో కొత్త అన్నం ఎవరూ ఒంటరిగా తినరు. నాన్న పోయాక తొలిముద్ద అన్నయ్యే అందరి చేతుల్లో పెట్టేవాడు. చాలాసేపు కంచం ముందు కూర్చున్నాను. చివరికి ఆ ముద్ద నాకు నేనే పెట్టుకున్నాను.