ఎడమవైపు ఆటో

ఆదివారం రాత్రి

చిన్నప్పటి నుంచి వీడియో గేమ్‌లు ఆడి నేను కనిపెట్టిన పరమసత్యం ఒక్కటే: ఓడిపోతే తప్పు ఎప్పుడూ కంట్రోలర్‌దే. కొత్త గేమ్‌లు మరీ ఘోరం. ఆడదామని ఆశగా కూర్చుంటే ముందు గంటసేపు అప్‌డేట్ అంటాయి.

సాయంత్రం మా బాపు బస్సు నడిపే గేమ్ పెట్టమన్నాడు. రేపు డిపోలో డ్రైవర్లకు కళ్ల పరీక్ష. దానికి ఇది ప్రాక్టీసట! శాలిబండ రద్దీలో ఇన్నేళ్లుగా సిటీ బస్సు తోలుతున్న మనిషి, ప్రతి స్టాపులో బొమ్మ మనుషులందరూ ఎక్కేదాకా ఓపికగా ఆగాడు. కానీ ఎడమ నుంచి వచ్చిన ఆటోను గుద్దేశాడు. మళ్లీ ఆడితే మళ్లీ ఎడమవైపే.

“ఏందిరా నీ డబ్బా గేము! గా ఆటో ఏడికెళ్లి వచ్చింది?”

“కంట్రోలర్ ఖరాబైంది బాపూ,” అన్నాను. పొద్దున దాంతోనే నేను గెలిచాను.

మూడోసారి పక్కన కూర్చుని, “బాపూ, ఎడమకు ఆటో,” అని ముందే చెప్పాను. ఠక్కున బ్రేకు వేశాడు. తర్వాత బస్సు కదిలించనే లేదు.

“రేపు నువ్వు గూడ రారా నాతోని,” అన్నాడు మెల్లగా.

సరేనన్నాను. ఒక్క జోకూ తట్టలేదు.